చక్రమును పట్టి ఉంచునది ఏది?

మోటారు బండి చక్రమును హబ్‌కు పట్టి ఉంచునది ఏది అని శిక్షణకు వచ్చిన యువ ఇంజనీర్లను అడుగుట మాకొక అలవాటు. చాలమంది తడుముకొనకుండ ‘స్టడ్డులు’ అని, బండి బరువును ఆ ఐదు స్టడ్డులే మోయుచున్నవని చెప్పుదురు. ఇది నిజము కాదు. స్టడ్డు చేయవలసిన పని ఒక్కటే: చక్రమును హబ్ ముఖమునకు గట్టిగా నొక్కి ఉంచుట. ఆ నొక్కుడు వలన రెండు లోహపు ముఖముల నడుమ పుట్టు ఘర్షణయే బండి బరువును, బ్రేకు బలమును మోయుచున్నది. నొక్కుడు సడలిన నాడు ఆ పని స్టడ్డుల మీద పడును. అవి అటునిటు వంగి వంగి, అలసి, ఒకటి తరువాత ఒకటిగా విరుగును.

అలాయ్ చక్రములను గూర్చి వ్రాయుమని పాఠకులు కోరుచున్నారు. కొత్త కార్లకు అలాయ్ చక్రములు కర్మాగారము నుండియే వచ్చుచున్నవి కనుక వాటిని గూర్చి చెప్పవలసినది స్వల్పము. చిక్కు వచ్చునది బయటి దుకాణములో కొన్న అలాయ్ చక్రమును పాత వాన్‌కు, అందునా మంచములు, పొయ్యి, నీళ్ళ తొట్టి అమర్చుకొని ఇల్లుగా మార్చుకొన్న వాన్‌కు బిగించునప్పుడు. అట్టి బండి ఒకటి ఇటీవల మా చేతికి వచ్చినది. దాని కథనే ఈ మాసము చెప్పుచున్నాము.

దగ్గరి బంధువుల ఇంట పెండ్లికి జంషెడ్‌పూర్ వెళ్ళి బాగ్‌బేరాలో పది దినములు ఉంటిమి. టాటానగర్ స్టేషనును ఆనుకొని ఉన్న పేట అది. ఒకప్పుడు కాళీమాటి అని పిలువబడిన ఆ స్టేషను చుట్టుప్రక్కల శ్రీకాకుళం, పలాస, సోంపేట వైపు నుండి రైల్వే పనికి, ఉక్కు పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు తరతరములుగా ఉన్నవి. 1945లో టెల్కో స్థాపింపబడి, 1954లో అక్కడి నుండి మొదటి లారీ వెలువడిన ఊరు గనుక (ఆ సంస్థయే 2003 నుండి టాటా మోటార్స్) చక్రములను గూర్చి అక్కడ అభిప్రాయము లేని మనిషి కానరాడు. టీ కొట్టు వద్ద కూర్చున్నను ఆఫ్‌సెట్ ఎంత అన్న చర్చ వినవచ్చును.

మా బంధువుల పొరుగున రైల్వేలో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొనుచున్న పెద్దమనిషి ఉన్నారు. బడిపిల్లలను తిప్పి తిప్పి అలసిన ఒక డీజిల్ వాన్‌ను కొని, లోపల రెండు మంచములు, వంద లీటర్ల నీళ్ళ తొట్టి, గ్యాసు బండ, ఇన్వర్టరు బ్యాటరీ, పైన దేవుని గూడు అమర్చుకొన్నారు. సంక్రాంతికి దంపతులిద్దరును, కుమారుని కుటుంబమును అందులోనే స్వగ్రామమునకు పోవలెనని సంకల్పము. హాతా, రాయరంగపూర్ మీదుగా బంగ్రీపోసి ఘాట్ దిగి, బారిపద, బాలాసోర్, కటక్, బరంపురం దాటి ఇచ్ఛాపురం చేరు దారి. కుమారుడు తండ్రిని ఆనందపరచవలెనని మెరిసిపోవు అలాయ్ చక్రములు నాలుగు కొని తెచ్చినాడు. అవి ఇంకను అట్టపెట్టెలలోనే ఉండగా మమ్ములను చూడుమని పిలిచిరి. చక్రములను అందరును మెచ్చుకొనుచుండగా ఇంటి పెద్దావిడ మాత్రము వాకిట నిలబడి, “బాబూ, ఈ చక్రాలు మమ్మల్ని పలాస దాకా చేరుస్తాయా?” అని అడిగినారు. ఆ వాకిట అడుగవలసిన ప్రశ్న అదియే.

చక్రపు వెనుక ప్రక్క చేయి పెట్టి తడిమిన పోతపోసిన అక్షరములు తగులును. ఎక్కువమంది కొనుగోలుదారులు ఆ ప్రక్క చూడనే చూడరు. వ్యాసము, వెడల్పు, ఆఫ్‌సెట్, వాటితోపాటు గరిష్ఠ భారము అక్కడ ఉండవలెను. వీటి మీద ‘690 కిలోలు’ అని ఉన్నది. అనగా ఒక్కొక్క చక్రము 690 కిలోల వరకు మోయగలదు. కారుకు అది ఎక్కువే. ఈ వాన్‌కు చాలునా అన్నది ఊహించి చెప్పవలసిన పని లేదు, కొలిచి చూడవచ్చును. తొట్టి నింపి, గ్యాసు బండ ఎక్కించి, ప్రయాణమునకు తీసుకొనిపోవు సామానంతయు సర్ది, ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టి ధర్మకాంటాకు తీసికొనిపోతిమి. కాంటావాడు మొదట నవ్వినను తరువాత శ్రద్ధగా సహకరించినాడు. వెనుక ఇరుసు మాత్రమే కాంటా మీద నిలిపిన 1,720 కిలోలు వచ్చినది. దానిని రెండుతో భాగించి 860 అనుకొని ఊరకుండరాదు. వెనుక కుడి చక్రమును మాత్రమే కాంటా మీదికి ఎక్కించిన 910 చూపినది, ఏలయన నీళ్ళ తొట్టియు బ్యాటరీయు కుడివైపుననే ఉన్నవి. 690 కిలోల చక్రము మీద 910 కిలోలు! గుంతలో పడునప్పుడు కలుగు తాకిడి దీనికి అదనము.

ఇంటి సామాను ఎంత బరువు తూగునో కుటుంబములకు తెలియదు. వంద లీటర్ల నీరు వంద కిలోలు. 14.2 కిలోల గ్యాసు గల ఇంటి బండ ఇనుముతో కలిపి 30 కిలోల దాపు. పెద్ద ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోల పైమాట. పరుపులు, ప్లైవుడ్, గిన్నెలు వేరు. పాత సీట్లు తీసివేసితిమి గదా, లెక్క సరిపోయినదని యజమానులు అనుకొందురు. సరిపోదు. సీట్లలో కూర్చున్న పిల్లలు సాయంకాలము దిగిపోవుదురు. ఈ సామాను ఎన్నటికిని దిగదు.

కుమారుడు కొంచెము చిన్నబుచ్చుకొని, “వెనక్కి ఇచ్చేయమంటారా మావయ్యగారూ?” అని అడిగినాడు. ఇచ్చివేయుమంటిమి. దుకాణమువారు మర్యాదగానే పుచ్చుకొని, కొంత పైకము అదనముగా తీసుకొని, 1,050 కిలోల గుర్తు గల వాణిజ్య వాహనపు చక్రములను తెప్పించి ఇచ్చిరి. అట్టి చక్రములను కొనునప్పుడు మన దేశపు ప్రమాణ చిహ్నము ఉన్నదో లేదో చూడవలెను. జపాను చక్రములైన ‘జె.డబ్ల్యు.ఎల్.’ గుర్తు కార్లకు, చివర ‘టి’ చేరిన గుర్తు లారీలకు, బస్సులకు. ఆ ఒక్క అక్షరము కొరకు చక్రమును తిప్పి చూచుట వ్యర్థము కాదు. టైరు మీద ఉండు భార సూచికయు అట్టిదే: 91 అన్న 615 కిలోలు, 100 అన్న 800, 104 అన్న 900, 106 అన్న 950. వాన్ల టైర్ల మీద 106/104 అని రెండు అంకెలుండును. మొదటిది ఒంటి చక్రమునకు, రెండవది జంట చక్రములకు. చక్రము బలమైనదై టైరు బలహీనమైన ఏమి లాభము?

ఇక బిగింపు. క్రొత్త చక్రములు వచ్చిన దినమున దుకాణపు కుర్రవాడు ఒకడు సాయమునకు వచ్చి, పాత నట్లనే తీసి బిగింపబోయినాడు. “ఇవే సరిపోతాయి సార్, థ్రెడ్ ఒకటే గదా” అన్నాడు. థ్రెడ్ ఒకటే, నిజమే. కాని నట్టు చక్రము మీద ఆనుకొను చోటును సీటు అందుము. ఆ సీటు కొన్నింటిలో 60 డిగ్రీల శంకువు వలె ఏటవాలుగా ఉండును, కొన్నింటిలో గోళము వలె గుండ్రముగా ఉండును, మరికొన్నింటిలో బల్లపరుపుగా ఉండును. ఈ వాన్ పాత నట్లు గుండ్రని సీటువి. క్రొత్త చక్రపు రంధ్రములు శంకువువి. కంటికి రెండును ఒకే తీరుగ కనబడును. మేము కొంచెము నీలిరంగు తెప్పించి, నట్టు ముఖమునకు పలుచగా పూసి, చేతితో బిగించి తీయించితిమి. రంధ్రములో వెంట్రుకవాసి నీలిగీత ఒకటి చుట్టును పడినది, అంతే. రెండు మిల్లీమీటర్ల వెడల్పు గూడ లేని ఆ గీత మీద టన్నుల నొక్కుడు పడిన మెత్తని అల్యూమినియము క్రుంగును. క్రుంగిన మేరకు నొక్కుడు సడలును. బంగ్రీపోసి ఘాట్ దిగునప్పుడు బ్రేకులు వేడెక్కిన ఆ క్రుంగుడు మరింత పెరుగును. సీటు సరిపడిన నట్టుకు నీలిరంగు వెడల్పాటి పట్టీగా అంటుకొనును. ఈ పరీక్షకు ఖర్చు లేదు, చదువు అక్కరలేదు. ఫిట్టరుగా పనిచేసిన ఇంటి పెద్దాయన దానిని చూచి, “మా షెడ్డులో బేరింగులకు ఇలాగే చూసేవాళ్ళం” అని ఆ పనిని తామే అందుకొనిరి.

ఆయనయే మరొక లోపమును పట్టుకొన్నారు. ఉక్కు చక్రపు రేకు మందము 5 మిల్లీమీటర్లు ఉండగా అలాయ్ చక్రపు మందము అదే చోట 13 మిల్లీమీటర్లు. అనగా స్టడ్డు 8 మిల్లీమీటర్లు పొట్టిదైనట్లే. నట్టు ఐదు చుట్లకే ఆగిపోయినది. నట్టు పట్టుకొన్న మర పొడవు కనీసము స్టడ్డు వ్యాసమంత ఉండవలెనన్నది మన వృత్తిలో మోటు లెక్క. 12 మిల్లీమీటర్ల స్టడ్డుకు మర ఎడము ఒకటిన్నర మిల్లీమీటరైన ఎనిమిది పూర్తి చుట్లు రావలెను. కనుక పొడవైన స్టడ్డులు కావలసి వచ్చినవి. ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్‌లో లేత్ షాపులకు కొదువ లేదు. ఒక షాపులో మామూలు కడ్డీతో సాయంత్రానికి తిప్పి ఇచ్చెదమనిరి. మేము ఒప్పుకొనలేదు. తలపై 10.9 అని గుర్తు గల, మరను చెక్కక రోలింగు చేసి వేడి శుద్ధి చేసిన స్టడ్డులనే కొని, అదే షాపులో ప్రెస్సుతో ఎక్కించితిమి. చెక్కిన మర అడుగున చిన్న గీతయొకటి మిగిలి, అలసట అక్కడి నుండియే ప్రారంభమగును.

టార్క్ రెంచ్ వాడుట ఎందుకు, బలము కొలది బిగించిన చాలదా అని కుమారుని సందేహము. లెక్క కట్టి చూపితిమి. పాఠకులును కాగితము తీసుకొనవచ్చును. 12 మిల్లీమీటర్ల స్టడ్డుకు 110 న్యూటన్ మీటర్లు బిగించితిమనుకొందము. పొడిగా, శుభ్రముగా ఉన్న మరలో ఆ బిగింపు సుమారు 46,000 న్యూటన్ల నొక్కుడుగా మారును. అనగా ఒక్కొక్క నట్టు నాలుగున్నర టన్నులకు పైగా నొక్కుచున్నది. ఐదింటికి కలిపి 23 టన్నులు. ఇప్పుడు తుప్పు పట్టకుండుటకని మరకు గ్రీజు పూయుదురు గదా, మంచి పనియే అనుకొని. గ్రీజు వలన మరలో రాపిడి తగ్గి, అదే 110కి నొక్కుడు 76,000 దాకా పోవచ్చును. 10.9 రకపు స్టడ్డు సాగకుండ తాళగలది 73,000. రెంచ్ అదే అంకె చూపుచునే ఉండును, స్టడ్డు మాత్రము లోలోపల సాగిపోయి ఉండును. అందుచేత మర పొడిగా ఉండవలెను. నాలుగడుగుల పైపు తొడిగి పైకెక్కి త్రొక్కు పద్ధతిని మానవలెను. 110 అన్నది ఉదాహరణకు చెప్పిన అంకె. మీ బండికి తయారీదారు పుస్తకములో ఏ అంకె ఉన్న అదే ప్రమాణము.

బిగించుటకు ముందు హబ్ ముఖమును తీగ బ్రష్షుతో మెరియు వరకు రుద్దించితిమి. పదిహేనేండ్ల తుప్పు పొర మీద చక్రము కూర్చున్న, ఆ పొర పొడియై రాలిన నాడు నట్లన్నియు ఒక్కసారిగా వదులగును. పాత వాన్లలో బ్రేకు డ్రమ్మును పట్టి ఉంచు మర తల గాని, స్టడ్డు మీది రేకు క్లిప్పు గాని ముఖము నుండి కొంచెము పైకి వచ్చి ఉండుట కలదు. ఉక్కు చక్రములో దానికి చోటుండును, బల్లపరుపైన అలాయ్ చక్రములో ఉండదు. చక్రము ఆ చిన్న తల మీద ఆని కూర్చుండును, నట్లు బిగుసుకొన్నట్లే తోచును. వెనుక ఎడమ ప్రక్కన అట్టి క్లిప్పు ఒకటి కనబడగా తీసివేయించితిమి.

చక్రపు నడిమి రంధ్రము హబ్ బొడిపె కంటె 6 మిల్లీమీటర్లు పెద్దదిగా ఉన్నది. దుకాణపు చక్రములు అనేక బండ్లకు సరిపోవుటకు అట్లు పెద్దవిగా చేయుదురు. నడుమ తగిన కొలత గల లోహపు రింగు వేయవలెను. రింగు బరువును మోయదు. బిగించునప్పుడు చక్రము నడిమికి వచ్చునట్లు చేయును. ఆఫ్‌సెట్ విషయములో కొందరు ఉత్సాహవంతులు చక్రము బయటికి పొడుచుకొని వచ్చిన ఠీవి అనుకొందురు. 25 మిల్లీమీటర్లు బయటికి జరిపిన 900 కిలోల చక్రము బేరింగు మీద 220 న్యూటన్ మీటర్ల మెలిక అదనముగా వేయును, అదియును నిలిచియున్న బండిలో. మలుపులలో ఎంతయో ఊహించుకొనవచ్చును. లోపల టైరు రాచుకొనుచున్నదని స్పేసరు బిళ్ళలు వేయుట ఈ జబ్బుకు మందు కాదు. అది రెండవ జబ్బు.

గాలి మాట. నిండు బరువుతో పోవు వాన్‌కు 60, 65 పౌండ్ల గాలి అవసరమగును. కార్లకు వాడు మామూలు రబ్బరు వాల్వు 65 పౌండ్లకు మించి పనికిరాదు. వేసవిలో టైరు వేడెక్కిన గాలి మరింత పెరుగును గదా. అధిక ఒత్తిడికి తగిన లోహపు వాల్వులు వేయించితిమి. ధర స్వల్పమే.

పాత అలాయ్ చక్రములు చవుకగా దొరకుచున్నవని వ్రాసిన ఇరువురు పాఠకులకు ఇక్కడనే సమాధానము. ఈ చక్రములలో ఎక్కువ భాగము సిలికాన్ 7 శాతము, మెగ్నీషియము పిసరంత కలిపిన అల్యూమినియముతో పోతపోసినవి. 540 డిగ్రీల సెల్సియస్ దాపున ఉంచి, నీటిలో ముంచి, మరల 160 డిగ్రీల దాపున కొన్ని గంటలు పక్వము చేసిన గాని వాటికి బలము రాదు. గుంతలో పగిలిన చక్రమునకు వెల్డింగు చేసిన, ఆ చుట్టుప్రక్కల ఈ పక్వమంతయు చెడిపోవును. పైన రంగు వేసినయెడల చూచువారికి తెలియదు. వంకరను మంటతో కాల్చి సరిచేసినదియు అంతే. ఎవరి చక్రమో, ఎక్కడ పడినదో తెలియని వస్తువు మీద ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టరాదు.

చట్టము సంగతియు తెలిసికొనవలసి ఉన్నది. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు మొదట నిర్దేశించిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానమును ఈ విషయమును స్పష్టము చేసినది. వాన్‌ను ఇల్లుగా మార్చుట రవాణా కార్యాలయములో ముందుగా అడిగి, రిజిస్ట్రేషను పత్రములో చేర్పించుకొనవలసిన పని. చక్రపు వ్యాసము, టైరు కొలత మొదటివే ఉంచుట ఉత్తమము. భీమా సంస్థకు వ్రాతపూర్వకముగా తెలిపి రసీదు ఉంచుకొనవలెను. ఈ పెద్దమనిషి వృత్తిరీత్యా కాగితముల మనిషి గనుక అవన్నియు ఇదివరకే చేసియుండిరి. అందరును అట్లుండరు.

మెరుపు కొరకు మాత్రమే అలాయ్ కొనదలచినవారికి మా సలహా వేరు. పాత ఉక్కు చక్రములను గీకించి, తుప్పు తీయించి, వెండి రంగు వేయించిన అందముగానే ఉండును, ఖర్చులో నాలుగవ వంతు గూడ కాదు. బరువు తగ్గునని చెప్పు మాట ఇట్టి వాన్ విషయములో గొప్పది కాదు. నీళ్ళ తొట్టిని సగమే నింపిన అంతకంటె ఎక్కువ తగ్గును.

పాతది గాని క్రొత్తది గాని, చక్రము మార్చిన పిదప 50 నుండి 100 కిలోమీటర్లలో ఒకసారి ఆగి, చక్రము చల్లారిన తరువాత, నట్టును వదులు చేయకుండ అదే టార్కుకు సరిచూడవలెను. రంగు పొర, సీటు ఉపరితలము సర్దుకొని నొక్కుడు కొంత తగ్గుట సహజము. బాగ్‌బేరా వారు రాయరంగపూర్ దాటక మునుపు ఆగి చూచినారు. ఇరువది నట్లలో మూడు నట్లు కొంచెము తిరిగినవని, బారిపదలో మరల చూడగా ఒకటియు కదలలేదని కుమారుడు ఫోనులో చెప్పినాడు.

ఇంకొక్క మాట. వాన్ క్రింద ఉన్న అదనపు చక్రము పాత ఉక్కుదే. దానికి క్రొత్త శంకువు నట్లు పనికిరావు; గుండ్రని సీటు గల పాత నట్లే కావలెను. స్టడ్డులు పొడవైనవి గనుక, మర నట్టు అడుగు దాకా పోయి తట్టి చక్రమును నొక్కకుండ ఆగిపోవునేమో గూడ ఇంటి దగ్గరనే ఒకసారి బిగించి చూచుకొనవలెను. మూసిన తల గల నట్లైన ఆ ఇబ్బంది తప్పదు. ఇవి రెండు ప్రక్కల తెరచినవి గనుక సరిపోయినవి. పాత నట్లు ఐదింటిని గుడ్డ సంచిలో మూటకట్టి, జాకీ ప్రక్కనే పెట్టించితిమి. సంచి మీద ‘స్టెప్నీ నట్లు’ అని పెద్దావిడ స్వయముగా సూదితో కుట్టినారు.